గానుగ నూనె తీయడం వచ్చింది సరే, అమ్మడం ఎలా?

అనంతపురం, కదిరి, కళ్యాణదుర్గం, ఆదోని, ప్రొద్దుటూరు... చాలా ఊళ్లలో కొత్త గానుగలు వెలిశాయి. వేరుశనగ కాయలు మన నేలలోనే పండుతాయి, మిషను లోనుకు దొరుకుతుంది, నూనె తీయడం పది రోజుల్లో చేయి తిరుగుతుంది. అయినా ఏడాది తిరిగేసరికి చాలామంది గానుగ ఆపేసి, విత్తనాలు తెచ్చినవాళ్లకు కూలికి ఆడించే పనిలో పడిపోతారు. నూనె బాగోలేక కాదు, దాన్ని అమ్మే పద్ధతి కుదరక. చుట్టాలు, పక్కింటివాళ్లు, బడి స్నేహితులు మొదటి సీసా మొహమాటానికి కొంటారు. వాళ్లలో ఎంతమంది తమంతట తాము ఫోన్ చేసి రెండో సీసా అడిగారన్నదే అసలు లెక్క. ధర, సీసా, లేబుల్, అంగడి, ప్రచారం అన్నీ ఆ రెండో సీసా కోసమే ఆలోచించాలి. ఇక్కడ ఉదాహరణ వేరుశనగ నూనె. కొర్ర బియ్యం, పసుపు, పచ్చళ్లు, చిక్కీలు అమ్మేవాళ్లకు అంకెలు మారతాయి, దారి మాత్రం ఇదే.

ధర కట్టే ముందు కాగితం మీద లెక్క

పక్క ఊరి గానుగాయన ఎంతకు అమ్ముతున్నాడో చూసి పది రూపాయలు తగ్గించి మొదలుపెట్టడం అందరూ చేసే పొరపాటు. ఆయన ఖర్చు మీ ఖర్చు ఒకటి కాదు. పైగా ఆయన కూడా నష్టానికే అమ్ముతూ ఉండొచ్చు.

2025-26 ఖరీఫ్‌కు వేరుశనగ కాయల మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. క్వింటాలు కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల విత్తనాలు వస్తాయి. అంటే ఆ ధరకే కొన్నా విత్తనం కిలో 104 రూపాయలు పడుతుంది. ఒలుపు కూలి, పుచ్చులు ఏరివేత, రవాణా కలిపి 115 అనుకుందాం. మంచి విత్తనం 100 కిలోలు ఆడిస్తే 40 కిలోల నూనె, అంటే దాదాపు 44 లీటర్లు వస్తుంది. వేరుశనగ నూనె లీటరు బరువు సుమారు 910 గ్రాములేనని గుర్తుంచుకోండి. నూనె తీశాక మిగిలే పిప్పి, అంటే చెక్క, 56 కిలోల దాకా వస్తుంది. కిలో 35కు పోయిందనుకుంటే 1,960 రూపాయలు.

విత్తనాల ఖర్చు 11,500లోంచి చెక్క డబ్బు తీసేసి 44తో భాగిస్తే లీటరుకు 217. కరెంటు, కూలి 20. సీసా, మూత, సీలు, లేబుల్, అట్టపెట్టె కలిపి 18. వడకట్టులో పోయేది, కారేది, శాంపిళ్లకు ఇచ్చేది 7. రవాణా 5. మొత్తం 267. ఇందులో మీ జీతం లేదు, షెడ్డు బాడుగ లేదు, బ్యాంకు కంతు లేదు. మీ ఊరి ధరలు వేసుకుని ఈ లెక్క మళ్లీ మీరే కట్టాలి.

ఇప్పుడు ఎమ్మార్పీ 360 పెట్టారనుకోండి. ఇంటికి నేరుగా అమ్మితే 5 శాతం జీఎస్టీ పోగా 343 చేతికి వస్తుంది. లీటరుకు 76 మిగులు. ఇంటింటికీ చేర్చే పెట్రోలు, మనిషి ఖర్చు తీస్తే 55 నుంచి 60. అంగడికి 12 శాతం వదిలితే జీఎస్టీ కూడా పోను 302 వస్తుంది, మిగులు 35. మధ్యలో డిస్ట్రిబ్యూటరుకు ఇంకో 6 శాతం ఇస్తే మిగిలేది 14 రూపాయలు. ఒక్క సీసా కారినా, ఒక్క అంగడి బిల్లు ఎగ్గొట్టినా అదీ పోతుంది. అందుకే మొదటి ఏడాది డిస్ట్రిబ్యూటరు జోలికి పోవద్దు, ఎంత ఆశపెట్టినా.

ఇంకొకటి చూడండి. విత్తనం నాసిగా ఉండి నూనె 40 కిలోలకు బదులు 36 కిలోలే దిగిందంటే, చెక్క నాలుగు కిలోలు ఎక్కువ వచ్చినా లీటరు ఖర్చు 20 రూపాయలు పెరుగుతుంది. అంగడి అమ్మకంలో మిగిలే 35లో సగం కన్నా ఎక్కువ అక్కడే పోయింది. కాబట్టి విత్తనం కొనేటప్పుడు చూపే శ్రద్ధ కూడా అమ్మకంలో భాగమే. తేమ 8 శాతం దాటిన కాయలు కొని నిల్వ పెడితే బూజు పడుతుంది, అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి చేత్తో ఏరించాల్సిందే. ఆ కూలి దండగ అనుకోవద్దు.

ప్యాకెట్ నూనె ధరతో పోటీ పెట్టుకోవద్దు. పెద్ద ఫ్యాక్టరీలు చెక్కలో మిగిలిన నూనెను కూడా సాల్వెంటుతో (నూనెను కరిగించే రసాయనంతో) లాగేస్తాయి. మన గానుగ చెక్కలో పది శాతానికి పైగా నూనె ఉండిపోతుంది. ఆ తేడా మన ధరలో పడక తప్పదు. దాన్ని రాబట్టుకునే దారి ఒకటుంది. నూనె ఎక్కువ ఉన్న చెక్క పాడి పశువులకు మంచి మేత కాబట్టి, వ్యాపారికి గుత్తగా తోలకుండా పాడి ఉన్న రైతులకు నేరుగా అమ్మితే కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువ పలుకుతుంది. చెక్కకు ఒక రూపాయి పెరిగితే నూనె లీటరు మీద రూపాయి పావలా కలిసొస్తుంది.

ఎవరింట్లో ఈ నూనె వాడతారు?

"అందరూ వాడేదే కదా" అంటే ఎవరికీ అమ్మలేరు. నెలకు నలుగురున్న ఇంట్లో మూడు లీటర్ల నూనె పట్టిందనుకుంటే, మొత్తం గానుగ నూనే వాడే ఇల్లు ఒక రకం, తాళింపులకూ పొడులకూ ఇది పెట్టుకుని వేపుళ్లకు ప్యాకెట్ నూనె వాడే ఇల్లు ఇంకో రకం. రెండో రకమే ఎక్కువ. వాళ్లకు నెలకు ఒక లీటరు చాలు. వాళ్లను మూడు లీటర్లు కొనమని బలవంతపెడితే ఆ ఒక్కటీ మానేస్తారు.

అనంతపురంలోనైతే సాయినగర్, రామ్‌నగర్ లాంటి ఉద్యోగుల వీధులు, యాభై దాటి డాక్టరు మాటతో వంట మార్చుకున్న ఇళ్లు, పసిపిల్లలున్న ఇళ్లు మొదట పట్టుకోవాల్సినవి. మెస్సులు, హోటళ్లు అడుగుతాయి కానీ ధర దగ్గర తెగదు, డబ్బు దగ్గర అంతకన్నా తెగదు. మొదట్లో వదిలేయండి. ఒకటి రెండు పేరున్న ఉగ్గాని బజ్జీ బండ్లవాళ్లు ఉగ్గాని తాళింపుకు మాత్రం మీ నూనె వాడతామంటే మినహాయింపు. అక్కడ తిన్నవాళ్లు రుచి గురించి అడుగుతారు.

చెప్పకపోతే అపార్థమయ్యే సంగతులు

గానుగ నూనె కొన్న కొత్త ఇల్లాలు మొదటి వారంలో చేసే ఫోన్ ఇలా ఉంటుంది: "ఏమన్నా, బాణలి పెడితే నూనె పొంగుతాంది, కల్తీ ఏమన్నా ఉందా?" మీరు ఏం జవాబు చెప్పినా అప్పటికే అనుమానం పడిపోయింది. సీసా ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే ఆ ఫోన్ రాదు.

ముందుగా చెప్పాల్సినవి ఇవి. గానుగ నూనెలో వేరుశనగ వాసన ఉంటుంది, ప్యాకెట్ నూనెలా వాసన లేకుండా ఉండదు. బాగా కాగినప్పుడు కొంచెం నురగ వస్తుంది కాబట్టి బాణలి సగానికి మించి నింపకూడదు. అడుగున పలుచని మడ్డి కనిపిస్తే అది విత్తనం పొడే.

అయితే నురగ మితిమీరి వస్తోందంటే తప్పు మీదే. నూనెను స్టీలు డ్రమ్ములో మూడు నుంచి ఐదు రోజులు కదపకుండా ఉంచి, పైనున్న తేటను మాత్రమే తీసి, గుడ్డతో వడకట్టి సీసాల్లో పోయాలి. ఆర్డరు వచ్చిందని నిన్న ఆడించిన నూనె ఇవాళ పోస్తే మడ్డి, తడి రెండూ సీసాలోకి వెళతాయి. మడ్డి పొంగిస్తుంది, తడి చిటపటలాడిస్తుంది, నెల తిరక్కుండా ముక్కిన వాసన పట్టిస్తుంది. ఆడించేటప్పుడు విత్తనాల మీద నీళ్లు చిలకరించే అలవాటు ఉన్నవాళ్లు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒక్క బ్యాచ్ ఇలా వెళ్తే పది ఇళ్లు పోతాయి. పోయిన ఇళ్లు ఎందుకు మానేశాయో మీకు చెప్పవు కూడా.

సీసా, మూత, లేబుల్

రాష్ట్రం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప వంట నూనె విడిగా అమ్మకూడదని ఆహార భద్రతా నిబంధన. కాబట్టి ప్యాకింగు తప్పదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషను లేదా లైసెన్సు తీసుకుని ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద వేయాలి. దాంతోపాటు సరుకు పేరు, తయారుచేసినవారి పేరు, పూర్తి చిరునామా, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, లీటరు లోపు సీసాకైతే ఎంఎల్‌కు, లీటరు దాటితే లీటరుకు ఎంత పడుతుందో, శాకాహార గుర్తు, పోషక విలువలు, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలి. పరిమాణం లీటర్లలో రాస్తే పక్కనే బరువు కూడా రాయాలి. తూనికల కొలతల శాఖవాళ్లు మొదట చూసేది అదే.

"కొలెస్టరాల్ తగ్గిస్తుంది", "గుండెకు రక్ష", "మోకాళ్ల నొప్పులు పోతాయి" లాంటి మాటలు లేబుల్ మీదా వద్దు, వాట్సాప్ స్టేటస్‌లోనూ వద్దు. జబ్బులు నయం చేస్తుందని ఆహార పదార్థానికి ప్రచారం చేయడం చట్టరీత్యా తప్పు. ఆ మాటలకు బదులు మీ దగ్గర నిజంగా ఉన్నవి రాయండి: విత్తనం ఏ రకం, ఏ మండలం కాయలు, ఏ తేదీన ఆడించారు. "కదిరి లేపాక్షి రకం, ఈ నెల 4న ఆడించినది" అని రాసిన సీసాను ఇక్కడి మనిషి నమ్మినంతగా ఏ నినాదాన్నీ నమ్మడు. రాస్తే మాత్రం నిజమే రాయాలి. ఆ రకం దొరకని నెలలో ఆ మాట తీసేయాలి.

కాగితం లేబుల్ వద్దు. నూనె చేతితో రెండుసార్లు పట్టుకుంటే మచ్చలు పడి, అక్షరాలు చెదిరి, పాత సరుకులా కనిపిస్తుంది. ప్లాస్టిక్ ఫిల్ము స్టిక్కరు ఒక రూపాయి ఎక్కువైనా అదే కొట్టించండి. దేవుడి బొమ్మ వేయకండి. ఖాళీ సీసాను చెత్తలో వేయడానికి మనవాళ్లకు చేతులు రావు, ఆ ఇబ్బందికి మరో నూనె కొంటారు. పేరు రెండు మూడు అక్షరాల్లో, ఫోన్‌లో చెబితే ఒక్కసారికే అర్థమయ్యేలా ఉండాలి. ఖాయం చేసే ముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటులో 29వ తరగతిలో వెతకండి, వంట నూనెలు అందులోనే వస్తాయి. పెద్ద కంపెనీ పేరుకు దగ్గరగా పెట్టి, పేరొచ్చాక నోటీసు అందుకుంటే లేబుళ్లన్నీ చింపుకోవాలి.

మూతకు లోపలి వేడి సీలు వేయించి, ప్రతి బ్యాచ్‌లో నాలుగు సీసాలను పాత పేపరు మీద తలకిందులుగా రాత్రంతా ఉంచి చూడండి. పేపరు మీద మచ్చ పడితే ఆ బ్యాచ్ బయటికి పంపొద్దు. ఒక సీలు వేసిన సీసాను మీ దగ్గరే దాచి నెలనెలా వాసన చూడండి. లేబుల్ మీద వేసిన గడువు మన ఎండలకు నిలుస్తుందో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి యాభై ఇళ్లు

లీటరు సీసాతో మొదలుపెట్టకండి. 200 ఎంఎల్ సీసాను 80 రూపాయలకు అమ్మండి. ఉచితంగా ఇవ్వొద్దు. ఉచితంగా తీసుకున్నవాళ్లు బాగుందనే అంటారు, దాంతో మీకేమీ తెలియదు. డబ్బు పెట్టినవాళ్లే వాడతారు, బాగోలేకపోతే చెబుతారు. 80కి 200 ఎంఎల్ అంటే లీటరు 400 పడింది కదా అని కొందరు అడుగుతారు. చిన్న సీసా ఖర్చు ఎక్కువని ఉన్నమాట చెప్పి, లీటరు తీసుకున్నరోజు 20 రూపాయలు తగ్గిస్తామనండి. ఆ తగ్గింపు కోసమైనా తిరిగి వస్తారు.

అపార్టుమెంటు కింద గానీ రైతు బజారు దగ్గర గానీ ఆదివారం పొద్దున ఒక బల్ల వేస్తే చాలు. వేడన్నం, శనక్కాయల పొడి, మీ నూనె. అన్నంలో పొడి కలిపి, పైన కాచని నూనె అర చెంచా వేసి, ఆకు దొన్నెలో రెండు ముద్దలు చేతికివ్వండి. వేడికి వాసన లేస్తుంది, చెప్పాల్సింది అదే చెబుతుంది. పక్కనే బజ్జీలు వేయించి పెట్టడం మంచి ఆలోచనలా కనిపిస్తుంది కానీ బజ్జీలో మిరపకాయ రుచే తెలుస్తుంది, నూనె రుచి తెలియదు. అన్నం చల్లారితే వాసన రాదు కాబట్టి హాట్‌బాక్సులో కొంచెం కొంచెంగా తీయాలి. పదిన్నర దాటాక ఎండకు ఎవరూ నిలబడరు, బల్ల ఎత్తేయండి.

కొన్న ప్రతి ఇంటికీ నోటుబుక్కులో ఒక వరుస: పేరు, ఫోన్, ఇంట్లో ఎంతమంది, నెలకు ఎంత నూనె, ఏ తేదీన ఏ సైజు కొన్నారు, మళ్లీ ఎప్పుడు కొన్నారు. చివరి గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ఇరవై రోజుల తర్వాత ఫోన్ చేసి, కొనమని అడగకుండా, "నూనె ఎట్లుందక్కా?" అని మాత్రం అడగండి. యాభై ఇళ్లలో నలభై ఐదు రోజుల్లోపు ఇరవై ఇళ్లు తిరిగి కొంటే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. పదికి లోపైతే ప్రచారం మీద ఒక్క రూపాయి పెట్టకుండా కారణం వెతకాలి. ధర ఎక్కువంటే అర లీటరు సీసా తేవాలి. నురగ, మడ్డి అంటే డ్రమ్ము దగ్గర పని ఉంది. "అయిపోయినప్పుడు మీరు కనిపించలేదు" అన్నది చాలా ఎక్కువగా వచ్చే జవాబు. దానికి మందు, వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని ఆ వీధికి తప్పకుండా వెళ్లడమే. బుధవారం అంటే ప్రతి బుధవారం వెళ్లాలి, పెళ్లిళ్ల సీజనైనా సరే.

అంగడిలో పెట్టేటప్పుడు

యాభై ఇళ్లు కుదిరిన వీధిలోనే ముందు అంగడి వెతకండి. అడిగి కొనేవాళ్లు ఉన్నచోట అంగడాయన కూడా మర్యాదగా మాట్లాడతాడు. ఊరంతా నలభై అంగళ్లలో రెండేసి సీసాలు పెట్టడం కంటే ఆరు అంగళ్లలో పన్నెండేసి పెట్టడం మేలు. రెండు సీసాలు ఏ మూలకో పోతాయి, వాటికోసం తిరిగే పెట్రోలు వాటి లాభం కన్నా ఎక్కువ.

ఎండ తగిలే ముందు అరలో పెట్టనివ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో 40 డిగ్రీలు దాటుతుంది. తెల్ల సీసాలో నూనె రోజూ మధ్యాహ్నం ఎండ తాగితే కొద్ది వారాల్లోనే ముక్కిపోతుంది. తిట్లు అంగడాయనకు కాదు, లేబుల్ మీదున్న మీ నంబరుకు వస్తాయి. నీడలో, నూనెల వరుసలో, కంటి ఎత్తున చోటిస్తేనే సరుకు దించండి. కావాలంటే ఆ చోటు కోసం ఒక శాతం ఎక్కువ వదలండి.

ఉద్దెర గురించి మొదటి రోజే తేల్చుకోవాలి. పాత బిల్లు కడితేనే కొత్త సరుకు, ఎంత తెలిసినవాడైనా. మొదటిసారి పన్నెండు సీసాలకు మించి దించొద్దు. రెండు నెలలు దాటిన సీసాలు మీరే వెనక్కి తీసుకుని తాజావి పెట్టండి. తెచ్చినవాటి వాసన చూసి, బాగుంటే తక్కువ ధరకు అమ్మేయొచ్చు, లేదంటే దీపపు నూనె కింద తోలాలి.

ప్రచారానికి ఎంత పెట్టాలి?

ఆటో మైకు, పేపర్లో కరపత్రాలు, లోకల్ కేబుల్, ఇన్‌స్టాగ్రామ్ రీళ్లు. వీటిలో ఏది పనిచేస్తుందో ఊహించుకోకుండా కొలవాలి. కరపత్రం మీద "ఈ కాగితం తెస్తే 10 రూపాయలు తగ్గింపు" అని వేసి, వచ్చిన కాగితాలు లెక్కపెట్టండి. రెండు వేల కరపత్రాలకు అచ్చు, పంపకం కలిపి మూడు వేలు అయి, ముప్పై మంది వచ్చారంటే ఒక్కొక్కరికి 100 రూపాయలు ఖర్చయినట్టు, తగ్గింపుతో 110. ఇంటి అమ్మకంలో లీటరుకు 55 మిగులుతుంది కాబట్టి ఆ మనిషి రెండు లీటర్లు కొంటేనే పెట్టింది తిరిగొస్తుంది, మూడో లీటరు నుంచే మిగులు. తిరిగి కొనేవాళ్లు లేకుండా కరపత్రాలు పంచడం నష్టమని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

వాట్సాప్ బిజినెస్ ఖాతా తెరిచి క్యాటలాగులో సైజులు, ధరలు పెట్టండి. ఒకే మెసేజ్ చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. సీసా ఇచ్చేటప్పుడే వాళ్ల ఫోన్‌లో నంబరు సేవ్ చేయించాలి. రోజూ గుడ్‌మార్నింగులు పెడితే మ్యూట్ చేస్తారు. పదిహేను రోజులకు ఒకసారి, ఆడించిన తేదీతో ఒక ఫోటో చాలు. గానుగ గదిలో ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో నూనె పచ్చగా, మురికిగా కనబడుతుంది. పొద్దున ఏడింటి వెలుతురులో బయట పెట్టి తీయండి. గూగుల్ మ్యాప్స్‌లో గానుగను నమోదు చేసి, చూడ్డానికి రమ్మనండి. ఎదురుగా ఆడుతున్న గానుగ చూసిన మనిషికి కల్తీ అనుమానం పోతుంది. అందుకని నేల, డ్రమ్ములు, పనివాళ్ల తలగుడ్డలు ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి.

ఏ నెలలో ఏం చేయాలి

ఖరీఫ్ కాయలు అక్టోబరు, నవంబరులో దిగుతాయి, బోర్ల కింద యాసంగి పంట మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. ఈ రెండు కోతల తర్వాత విత్తనం చవక, ఆగస్టు, సెప్టెంబరులో ప్రియం. చేతిలో డబ్బుంటే నవంబరు నుంచి జనవరి లోపల కాయల రూపంలోనే కొని, బాగా ఎండబెట్టి నిల్వ చేయండి. ఒలిచిన విత్తనం నిల్వకు ఆగదు, పురుగు పడుతుంది.

అమ్మకాలు పెరిగేది దసరా నుంచి సంక్రాంతి దాకా. కజ్జికాయలు, నిప్పట్లు, అరిసెలు చేసే రోజులవి. ఆ తర్వాత ఆవకాయల కాలం. పచ్చడికి నూనె కొనే ఇల్లు ఒకేసారి మూడు నుంచి ఐదు లీటర్లు తీసుకుంటుంది, కాబట్టి మార్చి మధ్యకల్లా ఐదు లీటర్ల టిన్నులు సిద్ధంగా ఉండాలి. పచ్చడి నూనె కొన్నవాళ్లు ఏడాదంతా ఆ జాడీ తెరిచినప్పుడల్లా మీ నూనెను తింటారు. అందుకే ఆ బ్యాచ్ తేట పడటానికి ఐదు రోజులు పూర్తిగా ఇవ్వండి, ఎంత తొందరపెట్టినా.

విత్తనం ధర పెరిగినప్పుడు చప్పుడు చేయకుండా ఎమ్మార్పీ మార్చినా, సీసా సైజు తగ్గించినా పాత ఇళ్లు గుర్తుపడతాయి. పదిహేను రోజుల ముందే మెసేజ్ పెట్టి, పాత ధరకు రెండు లీటర్లు తీసుకునే వీలు ఇవ్వండి. ధర దిగినప్పుడు కూడా అంతే నిజాయితీగా దించాలి.

బెంగళూరు ఆర్డర్లు మొదలైతే

మన ప్రాంతంవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరమే. కానీ రాష్ట్రం దాటి అమ్మాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పనిసరి. పార్సిల్ ఖర్చు ఒక్క లీటరుకు భరించలేం కాబట్టి ఐదు లీటర్ల టిన్నుకు తక్కువైతే ఆర్డరు తీసుకోవద్దు. ఒకే అపార్టుమెంటులో నలుగురైదుగురు కలిసి తెప్పించుకునేలా మాట్లాడితే ఇంకా మంచిది. టిన్ను మూత చుట్టూ టేపు, పైన ప్లాస్టిక్ సంచి, ఆపైన అట్టపెట్టె, నిలబెట్టాల్సిన వైపు బాణం గుర్తు. బస్సు డిక్కీలో ఆ బాణాన్ని ఎవరూ చూడరు, అందుకే తలకిందుల పరీక్ష టిన్నులకు కూడా చేయండి. కారిన టిన్ను ఫోటో పంపితే వాదించకుండా మరుసటి బస్సుకే ఇంకోటి పంపాలి. అపార్టుమెంటు గ్రూపులో ఆ ఫోటో పడకముందే ఈ పని జరగాలి.